పర్వతసీమలో పురావస్తు శోధన

ఉద్దేశం: చరిత్ర గ్రంథాలలో మనం చదివే విషయాలకు ఆధారాలు ఎక్కడ, ఎట్టి శ్రమ ఫలితంగా లభిస్తున్నాయో తెలపడం, ప్రజలందరి సొత్తయిన నేలపై కనబడే ప్రాచీన వస్తువుల పట్ల మన నడవడి ఎట్లా ఉండాలో ఆలోచింపజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పురావస్తు శాస్త్రమనగానే మన కళ్ళ ముందు మెదిలేది త్రవ్వకం. నాగార్జునసాగర్ జలాశయంలో లోయ మునిగిపోతుందని తెలిసి, 1954 నుండి 1960 వరకు నాగార్జునకొండలో సాగిన త్రవ్వకాలను గురించి తెలుగువారిలో వినని వారుండరు. గునపాలు, గంపలు, మట్టి దిబ్బల నడుమ బయటపడే శిల్పఖండాలు - ఈ శాస్త్రానికి మన ఊహలో ఇదే రూపం. నిజానికి ఈ పనిలో ఉన్నవారిలో పెక్కుమంది అధిక కాలం త్రవ్వరు. నడుస్తారు. తల వంచుకొని, నేలవైపు చూస్తూ, పొద్దుపొడిచింది మొదలు రోజంతా నడుస్తారు.

ఈ సంగతి నాకు గ్రంథాల ద్వారా తెలిసింది కాదు. నా మిత్రుడొకరు చాలాకాలం క్రితమే అమెరికాలో స్థిరపడ్డారు. అక్కడే పుట్టి పెరిగిన ఆయన కుమార్తె విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదువుతూ, ఒక వేసవిలో వయోమింగ్ రాష్ట్రంలోని రాకీ పర్వతాలలో పురావస్తు బృందంతో ఇంటర్న్‌గా పనిచేసింది. చదువు ముగియకముందే అనుభవజ్ఞుల వెంట ఉండి పని నేర్చుకొనే శిక్షార్థిని అక్కడ అట్లా పిలుస్తారు. ఆ మరుసటి శీతకాలంలో ఆ అమ్మాయి మా యింటికి వచ్చి నాలుగు రోజులుండి, తన క్షేత్ర పుస్తకం ముందు పెట్టుకొని చెప్పిన విషయాలే ఈ పాఠానికి ఆధారం. ఆమెకు తెలుగు ధారాళంగా మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. నాకు శాసనాలు చదవడం వచ్చు, రాళ్ళను చదవడం రాదు. కనుక ఇరువురికీ చెప్పుకోవలసినది చాలానే ఉన్నది.

ఆమె నడిచిన నేల ఎవరిదో ముందు తెలుసుకోవాలి. అమెరికా పశ్చిమ భాగంలోని పర్వతాలలో చాలా భాగం వ్యక్తుల సొత్తు కాదు, ప్రభుత్వ భూమి. అందులో జాతీయ అరణ్యాలుగా పేర్కొనేవి అటవీశాఖ నిర్వహణలో ఉంటాయి. దేశం మొత్తం మీద అవి సుమారు 19 కోట్ల 30 లక్షల ఎకరాలు. వయోమింగ్‌లోని షోషోనీ అరణ్యం 1891లో ఆ దేశంలో ఏర్పడిన మొట్టమొదటి సంరక్షిత అటవీభూమి నుండి రూపుదిద్దుకొన్నదే. జాతీయ ఉద్యానాలకూ వీటికీ భేదమున్నది. ఈ అరణ్యాలలో కలప కొడతారు, పశువులను మేపుతారు, బాటలు వేస్తారు, వేటకు అనుమతి ఇస్తారు. కొంతవరకు మన రిజర్వు అడవుల వంటివి. అందరికీ చెందినది కావడం వలన ఈ నేలకు ఒక ప్రమాదం కూడా ఉన్నది. పదిమందిదైన దానిని తమదిగా కాపాడుకొనేవారి కంటె, తమదిగా భావించి పట్టుకుపోయేవారే ఎక్కువ.

అందుకే 1906లోనే ప్రాచీన అవశేషాల రక్షణకు అక్కడ ఒక చట్టం వచ్చింది. 1966లో వచ్చిన చారిత్రక సంరక్షణ చట్టం మరొక అడుగు ముందుకు వేసింది. ప్రభుత్వ శాఖ ఏదైనా ఒక పని తలపెట్టినప్పుడు, అది బాట వేయడం కానీ, చెట్లు పలచన చేయడం కానీ, గొట్టపు మార్గం తీయడం కానీ, దానివలన చారిత్రక స్థలాలకు ఏ హాని కలుగుతుందో ముందుగా విచారించి తీరాలన్నది అందులోని 106వ విభాగం. విచారించాలంటే ఎవరో ఒకరు వెళ్ళి చూడాలి. ఆ చూచేవారి వరుసలో చివరి మనిషి మన ఇంటర్న్.

పని పద్ధతి వినడానికి మిక్కిలి సులభం. నలుగురైదుగురు మనుషులు పదిహేను నుండి ముప్పై మీటర్ల ఎడంతో ఒక వరుసలో నిలబడతారు. దిక్సూచి చూచుకొని అందరూ ఒకే దిశలో, ఒకే వేగంతో నడుస్తారు. మన పల్లెలలో కలుపు తీసేవారు సాళ్ళు పట్టి సాగినట్లు అనుకోండి. ఎవరి సాలులో కనబడినది వారు చూడాలి. నేలపై రాతి పెచ్చు కనబడితే ఆగి, చిన్న జెండా గుచ్చి కేక వేస్తారు. అందరూ ఆగుతారు. చుట్టూ మోకాళ్ళపై వంగి వెదకుతారు. వస్తువు ఒంటరిగా ఉన్నదా, దానికి తోడు మరికొన్ని ఉన్నాయా అన్నది తేల్చుకోవాలి. తోడు ఉంటే అది ఒక స్థలం అవుతుంది. స్థలానికి హద్దులు గుర్తించి, పటం గీసి, కొలబద్దనూ ఉత్తర దిక్కు చూపే బాణపు గుర్తునూ పక్కన పెట్టి ఛాయాచిత్రాలు తీసి, జి.పి.ఎస్. పరికరంతో ఉనికి నమోదు చేసి, పుటలకొద్దీ పత్రం నింపుతారు.

వినడానికి సులభమే, చేయడానికి కాదు. ఆ ఎత్తులో ఊపిరి చాలదు. జులైలో కూడా లోయల నీడలలో మంచు కరగదు. మధ్యాహ్నం అయ్యేసరికి శిఖరాలపై మేఘాలు కమ్ముకొని పిడుగులు పడతాయి. కనుక వేకువనే బయలుదేరి ఆ వేళకు దిగువకు చేరుకోవాలి. ఎలుగుబంట్లు తిరిగే ప్రాంతం కావడం వలన నడుముకు మిరపఘాటు చిమ్మే డబ్బా కట్టుకొని, బిగ్గరగా మాట్లాడుకొంటూ నడవాలి. “మొదటి వారమంతా నేను పాటలు పాడుతూ నడిచాను బాబాయిగారూ. మా బృందంలో ఎవరికీ తెలుగు రాదు కనుక తప్పులు పట్టేవారు లేరు,” అని నవ్వింది.

ఆ మొదటి వారంలో ఆమెకు ఏమీ దొరకలేదట. ఆరు రోజులు కొండలెక్కి దిగినా ఒక్క పెచ్చు కూడా కనబడలేదు. ఏడవనాడు పత్రం నింపుతూ చిన్నబుచ్చుకొని కూర్చున్నదట. బృందనాయకురాలు ఆ పత్రంలో ‘ఏమీ లభించలేదు’ అన్న గడి చూపి, దానిని ఖాళీగా వదలవద్దని చెప్పినదట. ఈ వాలు మీద ఎవరూ నడవలేదని చెప్పడం వేరు, నడిచి చూచినా ఏమీ లేదని చెప్పడం వేరు. రెండవది చెప్పడానికి ఆరు రోజుల చెమట కావాలి. తాళపత్రాలను పరిష్కరించేవారికి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. ఒక ప్రతిలో ఒక పద్యం లేదని చెప్పడానికి ఆ ప్రతిని ఆసాంతం చదవవలసి ఉంటుంది కదా!

ప్రాచీనమంటే వేల యేండ్ల నాటిదే కానక్కరలేదు. సాధారణంగా యాభై సంవత్సరాలు నిండిన మానవ నిర్మాణాలనూ అవశేషాలనూ చారిత్రకమైనవిగా పరిశీలిస్తారు. కనుక ఇంటర్న్ నేర్చుకొనే తొలి పాఠాలలో రేకు డబ్బాల పాఠం ఒకటి. గనివాడో, గొఱ్ఱెల కాపరియో పాలు త్రాగి పారవేసిన డబ్బా మూతపై సీసపు అతుకు చుక్క ఉంటే ఒక కాలం, అంచులు మడిచి బిగించినదైతే మరొక కాలం. గాజుపెంకుకు కూడా వయస్సు చెప్పే లక్షణమున్నది. మాంగనీసు కలిపి చేసిన తెల్లని గాజు ఏండ్ల తరబడి ఎండకు ఉండి ఉండి ఊదారంగుకు తిరుగుతుంది. అటువంటి పెంకు స్థూలంగా మొదటి ప్రపంచయుద్ధానికి ముందటిదని అంచనా వేస్తారు. చెత్తకు ఇంత శాస్త్రమా అని నేను ఆశ్చర్యపోయాను. రాజులు తమను గురించి శాసనాలు వేయించుకొన్నారు. గనివాడికి శాసనం వేసినదెవరు? వాడు పారవేసిన డబ్బాయే వాడి శాసనం.

అట్లాగని ఆ కాపరులు అసలే వ్రాయలేదని కాదు. స్పెయిన్, ఫ్రాన్సు దేశాల సరిహద్దు కొండల నుండి వచ్చిన బాస్క్ జాతి కాపరులు గొఱ్ఱెలను మేపుతూ ఒంటరితనం భరించలేక, ఆస్పెన్ చెట్ల తెల్లని బెరడుపై తమ పేర్లు, సంవత్సరాలు, ఇంటి బొమ్మలు, ఆడవారి బొమ్మలు చెక్కారు. సన్నగా గీసిన గీత చెట్టు ఎదిగేకొద్దీ నల్లబడి వెడల్పవుతుంది. ఆస్పెన్ దీర్ఘాయువు గల చెట్టు కాదు. చాలా చెట్లు సుమారు వందేండ్లకు కూలిపోతాయి. కాబట్టి ఆ వ్రాతలు ప్రతి యేటా కొన్ని నేలపాలవుతున్నాయి. రాతి మీది అక్షరం నిలుస్తుందని మనకు తెలుసు. చెట్టు మీది అక్షరం ఆ వేసవిలో ఎవరైనా చూచి దింపుకొంటేనే నిలుస్తుంది.

గుర్తించిన ప్రతి స్థలానికీ ఒక సంఖ్య ఇస్తారు. ఉదాహరణకు 48పి.ఎ.201. ఇందులో 48 వయోమింగ్ రాష్ట్రానికి గుర్తు. ఆంగ్ల అక్షరక్రమంలో రాష్ట్రాలన్నిటికీ వరుస సంఖ్యలిచ్చారు. తర్వాత చేరిన అలాస్కా, హవాయి 49, 50 అయ్యాయి. పి.ఎ. అంటే పార్క్ అనే జిల్లా. 201 ఆ జిల్లాలో నమోదయిన వరుస. ఈ సంఖ్య మమ్మీ కేవ్ అనే గుహది. ఒక రహదారి పక్కనే ఉన్న ఆ గుహలో 1960 దశకంలో జరిగిన త్రవ్వకాలలో తొమ్మిది వేల యేండ్లకు పైగా మనుషులు వచ్చిపోయిన జాడలు పొరలు పొరలుగా బయటపడ్డాయి.

అయితే ఎత్తైన కొండల చరిత్రను మార్చినవి గుహలొక్కటే కావు. వయోమింగ్‌లో సుమారు పదివేల అడుగుల ఎత్తు చేరేసరికి చెట్లు పలచబడి, ఆపైన గడ్డి, రాళ్ళు, మంచు మాత్రమే ఉంటాయి. అక్కడికి పూర్వులు వేటకు వచ్చిపోయేవారే గాని కాపురముండలేదని చాలాకాలం భావించారు. 2006లో రిచర్డ్ ఆడమ్స్ అనే పురావస్తు శాస్త్రవేత్త విండ్ రివర్ పర్వతాలలో పదివేల అడుగులకు మించిన ఎత్తున, నిటారైన వాలుపై ఒక పల్లె జాడ గుర్తించారు. వాలును తొలిచి చదును చేసుకొన్న గుడిసె తావులు యాభైకి పైగా ఉన్నాయి. నూరుకొనే రాళ్ళు కూడా కనబడ్డాయి. రాళ్ళు మోసుకొని, నేల చదును చేసుకొని వచ్చినవారు ఒక్కరాత్రి ఉండి పోయేవారు కారు. కుటుంబాలతో వచ్చినవారు. కాలినడకన వెళ్ళి చూచేవరకు ఆ పల్లె ఏ గ్రంథంలోనూ లేదు.

మంచు సంగతి మరీ విచిత్రం. కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన క్రెయిగ్ లీ 2007లో ఎల్లోస్టోన్ సమీపాన ఎత్తైన కొండలలో కరుగుతున్న మంచు మేట అంచున ఒక పుల్ల చూచారు. సన్నని బర్చ్ కొమ్మ, కాస్త వంగి ఉన్నది. మనమైతే చలికాచుకోవడానికి పొయ్యిలో పెట్టేవాళ్ళం. పరీక్షించగా అది పదివేల యేండ్లకు పూర్వం ఈటె ముందుభాగంలో అమర్చిన కర్ర అని తేలింది. విల్లు ఆ ఖండంలో వాడుకకు రావడానికి వేల యేండ్లకు ముందు, ఈటెను మరొక కర్రతో దూరానికి విసరి వేటాడినవారి ఆయుధం అది. మంచు ఉన్నంతకాలం అది చెడలేదు. మంచు కరిగి బయటపడిన తర్వాత ఎండకు, వానకు ఎంతోకాలం ఆగదు. భూమి వేడెక్కుతున్న ఈ కాలంలో కొండలపై మంచు మేటలు ఏటేటా తరిగిపోతున్నాయి. చూచే కళ్ళు సకాలంలో అక్కడికి చేరకపోతే, పదివేల యేండ్లు ఆగినది రెండు మూడు వేసవులలో కుళ్ళిపోతుంది.

ఇక ఆ అమ్మాయి స్వానుభవం. ఆగస్టులో ఒకనాడు ఉదయం, శిఖరానికి దిగువనున్న బయలులో ఆమె సాలులో ఒక ములికి కనబడింది. నల్లని అబ్సిడియన్ రాతితో చేసినది. అగ్నిపర్వతం నుండి వెలువడిన ద్రవం త్వరగా చల్లారి గాజువలె గడ్డకట్టితే ఏర్పడే రాయి అది. బొటనవ్రేలి గోరంత ఉన్నది. అంచులు ఇప్పటికీ చేతిని కోయగలవు. తోటివారు ముప్పై మీటర్ల దూరాన ఉన్నారు. గాలి హోరులో ఎవరి అడుగు ఎవరికీ వినబడదు.

“జేబులో వేసుకొంటే ఎవరికి తెలుస్తుంది అనిపించింది బాబాయిగారూ. అబద్ధం చెప్పను. ఆ వేసవి అంతటికీ నాకు దొరికిన అందమైన వస్తువు అదొక్కటే. వేల యేండ్ల తర్వాత దానిని చూచిన మొదటి మనిషిని నేనే.”

“మరి ఏం చేశావమ్మా?”

“జెండా గుచ్చి కేక వేశాను.”

కొలిచారు, బొమ్మ గీశారు, ఛాయాచిత్రం తీశారు, ఉనికి వ్రాసుకొన్నారు. ఆ పిమ్మట ములికిని ఉన్నచోటనే వదలి ముందుకు సాగారు. నాకు ఇది మొదట రుచించలేదు. అంత విలువైన దానిని కొండమీద వదలిరావడమేమిటి, తరువాత వచ్చే బాటసారి తీసుకుపోడా అని అడిగాను. అనుమతి లేకుండా నూరేండ్లు దాటిన పురావస్తువులను ప్రభుత్వ భూమి నుండి తరలించడం 1979 నాటి చట్టం ప్రకారం నేరమని ఆమె చెప్పింది. ఎత్తుకుపోవడం, కూల్చివేయడం వంటి ప్రమాదం కనబడినప్పుడు, పరిశోధనకు అవసరమైనప్పుడు అనుమతితో సేకరించి భద్రపరుస్తారట. కాని ఆమె చెప్పిన అసలు కారణం చట్టం కాదు.

ఆ రాయిని ఒంటరిగా చూస్తే అది ఒక ములికి మాత్రమే. అది పడి ఉన్న చోటు నుండి చూస్తే ఎన్నో సంగతులు చెబుతుంది. జంతువులు దిగే కనుమకు ఎంత దూరం? చుట్టూ పెచ్చులున్నాయా? ఉంటే ఇక్కడే చెక్కారు. లేకుంటే ఎక్కడో చెక్కి తెచ్చారు. ములికి కొన విరిగి ఉన్నదా? ఉంటే గురి తప్పి రాతికి తగిలినదేమో. ఇక అబ్సిడియన్‌లో మరొక గుణమున్నది. అది పుట్టిన కొండను బట్టి అందులోని మూలకాల పాళ్ళు మారుతాయి. ఎక్స్ కిరణాలతో పరీక్షించి ఏ కొండ రాయో చెప్పగలరు. ఎల్లోస్టోన్‌లోని అబ్సిడియన్ క్లిఫ్ అనే కొండచరియ రాయి 2,000 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న ఒహాయో ప్రాంతపు ప్రాచీన సమాధి దిబ్బలలో దొరికింది. బండి లేదు, గుఱ్ఱం లేదు. చేతులు మారుతూ వెళ్ళినదో, ఎవరైనా కాలినడకన మోసుకుపోయారో కాని అంత దూరం వెళ్ళింది. ఈ సంగతి తెలియడానికి రెండు చోట్ల పేర్లూ కావాలి. పుట్టిన చోటును రాయే చెబుతుంది. చేరిన చోటును దొరికినవాడు వ్రాసిపెడితేనే తెలుస్తుంది.

ఆ ములికి ఏ కొండపై దొరికినదో చెప్పమని అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపింది. “అది చెప్పకూడదు బాబాయిగారూ. మా అమ్మకు కూడా చెప్పలేదు.” స్థలాల ఉనికిని బహిరంగపరచకుండా చట్టమే కాపాడుతుంది. దొంగలకు పటం ఇచ్చినట్లు కాకూడదని. ఆమె పుస్తకంలో కొండల పేర్లున్న పుటలు అసలు నాకు చూపనేలేదు.

మరొక విషయం కూడా ఆమె ఆ వేసవిలోనే నేర్చుకొన్నది. ఆ వస్తువులను చేసినవారు అంతరించిపోయినవారు కారు. షోషోనీ, క్రో, అరపాహో మొదలైన తెగల వారు ఇప్పటికీ ఆ పరిసరాలలోనే ఉన్నారు. బిగ్‌హార్న్ పర్వతాలలో 9,600 అడుగుల ఎత్తున రాళ్ళతో పేర్చిన ఒక మహాచక్రం ఉన్నది. వ్యాసం సుమారు 80 అడుగులు. బండి చక్రపు ఆకులవలె 28 రాతి వరుసలు నడుమనున్న రాతికుప్ప నుండి అంచు వరకు సాగుతాయి. పర్యాటకులకు అది వింత. ఆ తెగలవారికి పుణ్యస్థలం. ఈనాటికీ అక్కడికి వచ్చి ప్రార్థించి, గుడ్డపీలికలు ముడుపులుగా కట్టిపోతారు. మన కొండగుడుల దగ్గర చెట్లకు కట్టే ముడుపులు నాకు గుర్తుకు వచ్చాయి. పూర్వం వస్తుశాలలు ఆ తెగల పూర్వీకుల అస్థికలను కూడా పేటికలలో పెట్టి ప్రదర్శించేవి. అస్థికలనూ పవిత్ర వస్తువులనూ వారి వారసులకు తిరిగి అప్పగించే ఏర్పాటు 1990 నాటి చట్టంతో గాని రాలేదు. ఆ ఆలస్యాన్ని ఆ శాస్త్రంవారే దాచుకోరు.

ఒకనాడు బృందంతో ఒక షోషోనీ వృద్ధుడు వచ్చినాడట. ఒక చోట ఆగి, చాలాసేపు మౌనంగా నిలబడి, ఆ చోటును ఛాయాచిత్రం తీయవద్దని మాత్రం కోరినాడట. కారణం చెప్పలేదు. వారు అడుగలేదు. పత్రంలో ఆ గడిని అట్లాగే వదిలారు. ఆరు రోజుల నడక తర్వాత కూడా ఖాళీ గడి వదలవద్దన్న నాయకురాలే ఈ గడి వదలమన్నదట.

ఇవన్నీ విన్న తర్వాత మన నేల సంగతి చెప్పకుండా ఉండలేకపోయాను. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో ప్రాచీన శిలాయుధాన్ని గుర్తించిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ భూగర్భ శాస్త్రవేత్త. ఆయనా నడిచినవాడే. 1884లో కర్నూలు ప్రాంతంలోని బిల్లసర్గం గుహలలో త్రవ్వకాలు సాగించాడు. తాను సేకరించిన వస్తువులకు దొరికిన ఊరు పేరు, చోటు వ్రాసిపెట్టుకొన్నాడు. ఆ సేకరణ 1904లో మద్రాసు ప్రభుత్వ వస్తుశాలకు చేరింది. ఆయన వ్రాసిన చోట్లను పట్టుకొని తరువాతి తరాల పరిశోధకులు ఆ గుహలకు మళ్ళీ వెళ్ళగలిగారు. ఆ అమ్మాయి ఫుట్ పేరు తన పుస్తకంలో వ్రాసుకొన్నది.

వెళ్ళేనాటి ఉదయం ఆమె నా మేజాబల్లపై కాగితాలు ఎగరకుండా పెట్టుకొన్న రాయిని చేతిలోకి తీసుకొన్నది. బూడిదరంగు పలుకురాయి. అరచేతిలో ఇముడుతుంది. రెండు వైపులా చెక్కిన గుర్తులు స్పష్టంగా కనబడతాయి. చాలాసేపు త్రిప్పి చూచి, “ఇది మనిషి చెక్కినదే. ఎక్కడిది బాబాయిగారూ?” అని అడిగింది.

నేను ఎం.ఏ. చదివే రోజులలో మిత్రులతో విహారయాత్రకు వెళ్ళి ఒక కొండ వాలుపై ఏరుకొన్నాను. ఆ యాత్రలో రెండు కొండలెక్కాము. వాటిలో ఏ కొండో, వాలుకు ఎగువనో దిగువనో, పక్కన మరికొన్ని ఉన్నాయో లేవో నాకు జ్ఞాపకం లేదు. అప్పుడు చూడలేదు. ముప్పైయేండ్లుగా దానిని అతిథులకు చూపి మురిసిపోయాను. ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు.

ఆమె ఏమీ అనలేదు. సంచిలోనుండి కొలత పరికరం తీసి పొడవు, వెడల్పు, మందం కొలిచింది. ఒక కాగితంపై గళ్ళు గీసి, వివరాలు వ్రాసి, బొమ్మ కూడా గీసింది. ఆ కాగితాన్ని మడిచి రాయి క్రింద పెట్టి, నాకు నమస్కరించి బయలుదేరింది. కారు వెళ్ళిన తర్వాత విప్పి చూచాను. నాకోసం గళ్ళ పేర్లు తెలుగులో వ్రాయాలని ప్రయత్నించింది. ఎవరి చేత వ్రాయించి చూచి దింపుకొన్నదో గాని, అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి. ‘లభించిన చోటు’ అన్న గడి ఖాళీగా ఉన్నది.

అభ్యాసం

వ్యాసరూప ప్రశ్నలు
1. పర్వతసీమలో పురావస్తు బృందం నేలను పరిశీలించే విధానాన్ని వివరించండి.
2. వస్తువు కంటె అది లభించిన చోటు ఎందుకు ముఖ్యమో పాఠంలోని ఉదాహరణలతో తెలపండి.

సంగ్రహ రూప ప్రశ్నలు
1. ‘ఏమీ లభించలేదు’ అన్న గడిని నింపడం ఎందుకు అవసరం?
2. ఆస్పెన్ చెట్లపై వ్రాతలను త్వరగా నమోదు చేయవలసిన కారణమేమి?
3. షోషోనీ వృద్ధుడు వచ్చిననాడు పత్రంలో ఒక గడిని ఎందుకు ఖాళీగా వదిలారు?

సందర్భసహిత వ్యాఖ్యలు
1. వాడు పారవేసిన డబ్బాయే వాడి శాసనం.
2. జెండా గుచ్చి కేక వేశాను.